పంచాంగముపై బొటనవ్రేలి ముద్ర

ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టజాలడని మన సామెత. అట్టి ఇంటిదొంగను ఒక పంచాంగపు అట్ట పట్టియిచ్చిన ఉదంతము మన దేశముననే కలదు. నేరపరిశోధన శాస్త్రమనగానే లండను నగరపు స్కాట్లండు యార్డు స్ఫురించుట సహజము. కాని అచట వ్రేలిముద్రల శాఖ వెలసినది 1901లో. కలకత్తాలో 1897లోనే వెలసినది.

ఆ 1897లోనే ఉత్తర వంగదేశమున జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు గొంతు కోయబడి పడకపైననే మరణించి యుండెను. ఇనుపపెట్టెయు, కాగితముల పెట్టెయు కొల్లగొట్టబడినవి. అనుమానములకు కొదువ లేదు. కూలీలకు అతనిపై కసి. వంటవాని బట్టలపై నెత్తుటి మరకలు! యజమాని భోజనమునకై పావురమును కోసితినని వాడు మొరపెట్టుకొనెను. రసాయన పరీక్షలో ఆ మాట నిలిచినది. ఆ పరీక్షయే లేకున్నచో పాపము, వానిగతి యేమయ్యెడిదో!

కాగితముల పెట్టెలో నీలిరంగు అట్టగల బంగాళీ పంచాంగ మొకటి దొరకెను. దానిపై గోధుమవన్నె మరకలు రెండు. భూతద్దముతో చూడగా ఒకదానిలో కుడిచేతి బొటనవ్రేలి రేఖలు కనబడెను. మేనేజరు వద్ద పూర్వము పనిచేసి, దొంగతనమునకై చెరసాలకు పోయివచ్చిన కంగాలీ చరణ్ అనువాని ముద్ర కలకత్తా దస్త్రములలో నుండెను. రెండును సరిపోయెను. వానిని దూరపు జిల్లాలో పట్టి తెచ్చి మరల ముద్ర తీయగా అదియు సరిపోయెను. మరక క్షీరదపు నెత్తురని తేలెను.

అయినను 1898లో న్యాయస్థానము వానిని దొంగతనమునకు మాత్రమే శిక్షించి, హత్యానేరము కొట్టివేసినది. ఇది పిరికి తీర్పని కొందరనవచ్చును. నాకు మాత్రము న్యాయముగానే తోచును. నెత్తురంటిన చేయి ఆ పుస్తకమును తాకెనని ముద్ర చెప్పును. కత్తి పట్టినదెవరో అది చెప్పదు. మరుసటి యేడు, 1899లో, వ్రేలిముద్రలపై నిపుణుల అభిప్రాయమును సాక్ష్యముగా గ్రహించునట్లు చట్టమును సవరించిరి.

వేలకొలది ముద్రలలో కావలసినదానిని వెదకుటెట్లు? మన సాముద్రికులు శంఖములు, చక్రములు అని పిలుచునవే ఇందుకు ఆధారము. పది వ్రేళ్ళలో ఒక్కొక్కదానిపై చక్రమున్నదా, లేదా అని చూచినచో మొత్తము 1,024 తరగతులేర్పడును. 32 వరుసలు, వరుసకు 32 గూళ్ళు; ముద్రపత్రము ఏ గూటిదో లెక్కయే చెప్పును. ఈ పద్ధతికి పోలీసు అధికారి ఎడ్వర్డు హెన్రీ పేరు స్థిరపడినది. దాని వెనుకనున్న శ్రమలో పెద్దపాలు ఆయన క్రింది ఉద్యోగులగు అజీజుల్ హక్, హేమచంద్ర బోసులది. గూళ్ళ బీరువాల పనిని నేడు కంప్యూటర్లు చేయుచున్నవి.

నెత్తురే అంటనక్కరలేదు. వ్రేళ్ళ చెమటయే గాజుపైనను, నునుపైన ఇనుముపైనను ముద్ర వేయును. సన్నని పొడి చల్లి దానిని పైకి తెత్తురు. ఇంటిలో దొంగతనము జరిగినచో, ఏమేమి పోయినవో చూతమని బీరువా తలుపులను పదిమందియు తడుముట మన అలవాటు. పోలీసులు వచ్చునంతవరకు ఆ తలుపు నట్లే విడిచిపెట్టుడు.