చిరునామా, జవాబుదారీ: దేశం పేరుతో డొమైన్
(కాజీపల్లిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

ఇంటర్నెట్‌లో ఏ దేశానికి చెందిన రెండక్షరాల పేరును ఎవరి చేతికి అప్పగించాలో చాలా ఏళ్లు దగ్గరుండి చూసుకున్న జాన్ పోస్టెల్ 1998 అక్టోబరు 16న కన్నుమూశారు. ఆయన స్మృతిలో ఒక ప్రశ్న తీసుకుంటాను: దేశం పేరుతో ముగిసే డొమైన్ కావాలంటే ఆ దేశంలో నివాసం ఉండి తీరాలా? 1994 మార్చిలో పోస్టెల్ రాసిన ఆర్.ఎఫ్.సి. 1591 అనే పత్రంలో దీనికి సగం జవాబు ఉంది. దేశం పేరును నడిపే పాలనా బాధ్యుడు ఆ దేశంలోనే నివసించాలని అందులో ఉంది. కొనుక్కునేవాళ్లందరికీ మాత్రం ఆ షరతు లేదు. పేరు మీద యాజమాన్యం ఎవరిదన్న వాదన అనవసరమని, ఆ సమాజానికి చేయాల్సిన సేవ గురించి ఆలోచించమని కూడా ఆయన రాశారు. నివాసం కంటే బాధ్యతే ముందని నేను చేసే వాదనకు మూలం అక్కడే ఉంది.

మన డాట్ ఇన్ 1989లో పుట్టింది. చాలాకాలం దాన్ని భారతదేశంలో నమోదైన సంస్థలకే, అదీ కాగితాలు చూపించి, సంస్థ పేరుకు సరిపోయేలా మాత్రమే ఇచ్చేవారు. ఫలితం ఏమిటంటే, 1992 నుంచి 2004 దాకా నమోదైన పేర్లు ఏడు వేలు. ఇంత పెద్ద దేశానికి ఏడు వేలు! ఆ రోజుల్లో హైదరాబాదు కుర్రవాళ్లు పెట్టిన కంపెనీలు కూడా డాట్ కామ్ వైపే నడిచాయి. 2003లో ఏర్పడిన నిక్సి (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్‌చేంజ్ ఆఫ్ ఇండియా) చేతికి నిర్వహణ వచ్చాక, 2005 జనవరి నుంచి ట్రేడ్‌మార్కు ఉన్నవారికి, ఆ తర్వాత అందరికీ తలుపులు తెరిచారు. నివాస నిబంధన పోయింది. 2010 మార్చికి సంఖ్య ఆరు లక్షలు దాటింది. గవ్ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ వంటివి మాత్రం అర్హులకే మిగిలాయి. ఆ గీత సరైన చోట గీశారని నా అభిప్రాయం.

దేశంలో చిరునామా ఉంటే మోసగాణ్ని పట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. దీనికి జవాబు కాజీపల్లిలోనే ఉంది. ఇక్కడి మందుల కంపెనీలకు చిరునామా లేకనా? గేటు మీద బోర్డు ఉంది, షెడ్డు ఉంది, అనుమతి పత్రం ఉంది. అయినా కాజీపల్లి చెరువు పాడైంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. పటాన్‌చెరు శుద్ధి కర్మాగారం నుంచి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. కంపెనీ ఊళ్లోనే ఉంది, బాధ్యత మాత్రం ఊళ్లో లేదు. తనిఖీ చేసేవాడు, శిక్ష వేసేవాడు లేనప్పుడు చిరునామా ఉత్త కాగితమే. డొమైన్ల విషయంలో ఆ కాగితాన్ని అద్దెకు ఇచ్చే వ్యాపారమే పుట్టింది. నివాసం అడిగే దేశాల పేర్లకు స్థానిక చిరునామాను డబ్బుకు సమకూర్చే ఏజెంట్లు ఉన్నారు.

ఇంకో అభ్యంతరం బరువైనది. ముల్కీ (స్థానికత) నియమాల కోసం పోరాడిన గడ్డ మీద నిలబడి స్థానికత అక్కర్లేదంటారా అని. అనను. 1919 నిజాం ఫర్మానా నాటి పదిహేనేళ్ల నివాస నియమం ఉద్యోగాలను కాపాడటానికి వచ్చింది. అక్కడ ఒకరికి దక్కిన కొలువు ఇంకొకరికి పోయినట్టే. డొమైన్‌లోనూ ఒక పేరు ఒక్కరికే దక్కుతుంది, నిజమే. కానీ ఆ పేరు మీద న్యాయమైన హక్కు ఉన్నవాడు ఎక్కడున్నా అడిగి తీసుకోవడానికి డాట్ ఇన్‌కు వివాద పరిష్కార విధానం ఉంది. పైగా 1952లో విద్యార్థులు రోడ్డెక్కింది నియమం లేదని కాదు, ఉన్న నియమానికి దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయని. ధ్రువీకరించే చేయి నమ్మకమైనది కాకపోతే ఎంత కఠినమైన నిబంధనా నిలవదని ఆ చరిత్రే చెబుతోంది.

నివాసాన్నే గీటురాయిగా పెట్టుకుంటే ఏమవుతుందో ఐరోపాలో చూశాం. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వచ్చి, పరివర్తన గడువు ముగియగానే, 2021 జనవరి 1న అక్కడివారి డాట్ ఈయూ పేర్లు సుమారు ఎనభై వేలు నిలిచిపోయాయి. వాటిని నడిపేవాళ్లు ఏ తప్పూ చేయలేదు. పౌరసత్వం ఉంటే ఎక్కడ నివసించినా ఫరవాలేదని ఐరోపా 2019లోనే నియమాన్ని సడలించింది కానీ, యూనియన్ పౌరులు కాని బ్రిటన్ వాసులకు అది అక్కరకు రాలేదు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ తెలుగు పుస్తకాలు అమ్మేవారికి మనం ఇలాంటి గోడ కట్టకూడదు.

గట్టిగా ఉండాల్సిన చోటు వేరే ఉంది. బ్యాంకుల కోసం రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంక్ డాట్ ఇన్ తెచ్చి, నమోదు పనిని హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐ.డి.ఆర్.బి.టి.కి అప్పగించింది. అక్కడ అడిగేది లైసెన్సు. మందులకూ అలాంటిదే కావాలి. డ్రగ్ లైసెన్సు చూసి, అది రద్దయిన రోజే పేరు కూడా ఆగిపోయేలా ఒక ప్రత్యేక పేరు ఇస్తే, ఈ పారిశ్రామికవాడలో నిజాయితీగా మాత్ర తయారుచేసే చిన్న యూనిట్‌ పేరు పెట్టుకుని ఎవరో నకిలీ సరుకు అమ్మడం కష్టమవుతుంది. నిక్సినీ, ఔషధ నియంత్రణ శాఖనూ ఇక్కడి తయారీదారుల సంఘాలు అడగాల్సింది దీన్నే.