వంద రూపాయల్లో ఏడు పైసలు



'ప్రభుత్వ వ్యయంలో ఎవరి వాటా ఎంత?' అన్న అంశంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. నేను ఆర్థికవేత్తను కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, బిల్లులు తయారుచేసి ట్రెజరీకి పంపుతూ ఉద్యోగ జీవితాన్ని గడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందుచేత ఈ విషయాన్ని ఉపన్యాసాల వైపు నుంచి కాక, పద్దుల వైపు నుంచి మీ ముందుంచుతాను.

ఎన్నికలు దగ్గరపడగానే మన చెవిన పడే మాట ఒకటున్నది. 'సర్కారు సొమ్మంతా ముస్లింలకే దోచిపెడుతున్నారు' అన్నది ఆ మాట. దానికి ఆధారంగా 2006 డిసెంబరు 9న జాతీయ అభివృద్ధి మండలి సమావేశంలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రసంగాన్ని చూపుతారు. ఆ ప్రసంగంలో ఆయన వ్యవసాయం, నీటిపారుదల, ఆరోగ్యం, విద్య, గ్రామీణ సదుపాయాలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, మైనారిటీలు, స్త్రీలు, పిల్లలు అంటూ ప్రాధాన్యాలను వరుసగా పేర్కొన్నారు. ఆ సందర్భంలోనే మైనారిటీలను, ముఖ్యంగా ముస్లింలను ప్రస్తావిస్తూ వనరులపై మొదటి హక్కు అన్న మాట వాడారు. ఆ మాట పైన చెప్పిన ప్రాధాన్యాలన్నిటికీ వర్తిస్తుందని ప్రధాని కార్యాలయం మరునాడే వివరణ ఇచ్చింది. వివరణ మరుగున పడింది. మాట మాత్రం నిలిచింది. పద్దెనిమిదేళ్ల తరువాత 2024 ఎన్నికల ప్రచారంలో అదే మాట మళ్లీ వేదికలెక్కింది.

మాటను పక్కన పెట్టి పద్దు చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం వ్యయం సుమారు 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. అందులో మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు కేటాయించినది 3,350 కోట్లు. వంద రూపాయలకు లెక్క కడితే ఏడు పైసలు కూడా నిండవు. ఆ ఏడు పైసలైనా ముస్లింలకు మాత్రమే కాదు. ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, జైనులు అనే ఆరు మతాల వారికీ కలిపి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు ఈ ఆరింటిలో ఏదో ఒకదానికి చెందినవారు.

ఇది పద్దులో మొదటి గడి మాత్రమే. కార్యాలయంలో పనిచేసినవారెవరైనా చెబుతారు, కేటాయింపు వేరు, ఖర్చు వేరు. బడ్జెట్‌లో అంకె పడిన తరువాత పరిపాలనా మంజూరు కావాలి, విడుదల ఉత్తర్వు రావాలి, బిల్లు ట్రెజరీలో పాసు కావాలి. వీటిలో ఏ మెట్టు వద్దనైనా సొమ్ము ఆగిపోవచ్చు. మార్చి 31 సాయంత్రానికి ఖర్చు కాని నిధులు మురిగిపోతాయి. ఇదే మంత్రిత్వ శాఖకు 2022-23లో మొదట చూపిన అంచనా సుమారు 5,020 కోట్లు. ఆ సంవత్సరమే సవరించిన అంచనాల్లో అది 2,612 కోట్లకు దిగివచ్చింది. అంటే దాదాపు సగానికి సగం కోత. ఈ రెండో అంకెను ఏ బహిరంగ సభలోనైనా విన్నవారు మీలో ఎందరున్నారు?

ఈనాడు నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతి ఇక్కడే ఉన్నది. అధికారంలో ఉన్న పక్షం మన వద్దకు వచ్చి 'మీకు ఇన్ని కోట్లు ఇచ్చాం' అంటుంది. ఎదుటి పక్షం ఇతరుల వద్దకు వెళ్లి 'వారికి ఇన్ని కోట్లు దోచిపెట్టారు' అంటుంది. ఇద్దరూ వాడుకునేది ఒకే అంకె. అది ప్రకటించిన అంకె. గొప్ప చెప్పుకొనేవారికీ, నింద వేసేవారికీ అంకె ఎంత పెద్దదైతే అంత లాభం. సవరించిన అంచనాతోగానీ, వాస్తవ వ్యయంతోగానీ ఇద్దరికీ పని లేదు. మధ్యలో మనకు మిగిలేది పూర్తిగా అందని సాయం, పూర్తిగా అంటుకున్న అపవాదు. ఖర్చు కాని రూపాయి కూడా మన పేరున నిందగా జమ అవుతున్నది.

ఈ నిందకు సొమ్ముతో సంబంధం ఉండనక్కర లేదనడానికి హజ్ సబ్సిడీ మంచి ఉదాహరణ. పదేళ్లలో దానిని క్రమంగా ఎత్తివేయాలని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2018లో ప్రభుత్వం దానిని పూర్తిగా నిలిపివేసింది. అప్పుడు మన సముదాయంలో ఎవరూ వీధులకెక్కలేదు. అది వద్దని అంతకు ముందునుంచే కోరినవారు మనలో ఎందరో ఉన్నారు. సబ్సిడీ పోయి ఇన్నేళ్లయినా దాని పేరుతో దెప్పడం పోలేదు.

పథకాల పేర్లు కూడా కొంత గందరగోళం సృష్టిస్తాయి. తెలంగాణలో 2014 అక్టోబరు 2న షాదీ ముబారక్, కల్యాణ లక్ష్మి పథకాలు మొదలయ్యాయి. ఆడపిల్ల పెండ్లికి సాయం మొదట 51 వేలు. 2018 నుంచి 1,00,116 రూపాయలు. రెండింటిలోనూ మొత్తం ఒకటే. కల్యాణ లక్ష్మి మొదట దళిత, గిరిజన కుటుంబాలకు, తరువాత వెనుకబడిన వర్గాలకు అందింది. కాని ఉర్దూ పేరున్న పథకం పొరుగువారి కంట పడినంతగా, తమ ఇంటి గడప తొక్కిన పథకం గుర్తుండదు. మైనారిటీ గురుకులాల సంగతీ ఇంతే. వాటిలో నాలుగో వంతు సీట్లు మైనారిటీయేతర పిల్లలవే. షెడ్యూల్డు కులాలకు, తెగలకు, వెనుకబడిన వర్గాలకు కూడా ఇటువంటి గురుకులాలే ఉన్నాయి. ఈ విషయాలు పొరుగింటివారితో ఓపికగా, తగవు లేకుండా చెప్పవలసిన బాధ్యత మనదే.

అయితే మనవైపు నుంచి కూడా ఒక మాట సరిదిద్దుకోవాలి. 'మాకు ఏమీ ఇవ్వడం లేదు' అని కొందరు వేదికలపై అంటుంటారు. అది నిజం కాదు. రేషన్ బియ్యం, వృద్ధాప్య, వితంతు పింఛన్లు, ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ మన ఇళ్లకూ అందుతున్నాయి. అవి ముస్లింలమని ఇచ్చినవి కావు, పేదలమని ఇచ్చినవి. ఈ భేదాన్ని గట్టిగా పట్టుకోవాలి. 'ఫలానా పథకంలో లబ్ధిదారుల్లో ముస్లింలు జనాభా నిష్పత్తి కంటే ఎక్కువ' అని ఎవరైనా అంటే కంగారు పడవలసిన పని లేదు. పేదరికాన్ని బట్టి ఇచ్చే పథకంలో పేదలు ఎక్కువగా ఉన్న సముదాయం ఎక్కువగా కనబడుతుంది. వైద్యశాల వరుసలో రోగులే నిలబడతారు కదా.

మరి ఆ సముదాయం ఇతర వరుసల్లో ఎక్కడ ఉన్నది? జస్టిస్ రాజీందర్ సచార్ నాయకత్వంలోని కమిటీ 2006లో ఆ లెక్క తీసింది. నాటికి దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, విదేశాంగ సర్వీసులో 1.8 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. ప్రభుత్వ వ్యయంలో జీతాలు, పింఛన్లు చాలా పెద్ద పద్దు. ఆ పద్దులో ఎవరి వాటా ఎంత అని ఎన్నికల సభల్లో ఎవరూ అడగరు. బియ్యం వరుసను మాత్రమే చూపి జీతాల వరుసను దాచిపెట్టి వేసే లెక్క, లెక్క అనిపించుకోదు.

ఇంకా పై వరుసలు కూడా ఉన్నాయి. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీలపై ఆదాయపు పన్ను రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. దీనివల్ల ఏటా వదులుకొనే రాబడి 1 లక్ష 45 వేల కోట్లని ప్రభుత్వమే చెప్పింది. మైనారిటీ వ్యవహారాల శాఖ 2025-26 కేటాయింపుకు అది నలభై రెట్ల పైచిలుకు. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోవడం లేదు. ఒక వర్గానికి దక్కిన అంత పెద్ద మొత్తాన్ని 'ప్రోత్సాహకం' అని పిలిచి, పేదపిల్ల స్కాలర్‌షిప్పును 'బుజ్జగింపు' అని పిలిచే భాషను గమనించమని మాత్రమే కోరుతున్నాను.

'మా పన్నులతో వారిని పోషిస్తున్నారు' అనేవారికి కూడా సమాధానం ఉన్నది. ఫోను రీచార్జి చేయించుకున్న ప్రతివారూ 18 శాతం జి.ఎస్.టి. కడుతున్నారు. పంక్చర్ దుకాణం నడిపే సోదరుడు కొన్న ట్యూబు మీద, బీడీలు చుట్టే తల్లి కొన్న మందు బిళ్ల మీద పన్ను ఉన్నది. ఖజానాలో ఎవరి రూపాయి మీదా మతం పేరు వ్రాసి ఉండదు.

ఇక స్కాలర్‌షిప్పుల విషయం. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాన్ని కేంద్రం 2022-23 నుంచి ఆపివేసింది. విద్యాహక్కు చట్టం కింద ఆ తరగతుల చదువు ఉచితమే కదా అన్నది వారి కారణం. అదే సంవత్సరం పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును కూడా నిలిపివేశారు. ఇతర ఫెలోషిప్పులు ఉన్నాయి కనుక ఇది వాటితో కలుస్తున్నదన్నారు. బడిలో ఫీజు లేకపోవచ్చు. నోటు పుస్తకాలకు, బస్సు చార్జీకి, పిల్లవాడు పనికి పోకపోవడం వల్ల ఇంట్లో తగ్గే కూలికి ఏ చట్టం సొమ్ము ఇస్తుంది? నింద పేరుకుపోయిన చోట ఇటువంటి కోతలు సులభమవుతాయి. 'వారికి ఇప్పటికే ఎక్కువైంది' అని పదిమందీ నమ్మితే, కోత వేసినప్పుడు మన పక్కన నిలిచేవారు తగ్గిపోతారు. అందుకే ఈ వాదం కేవలం మాటల వాదం కాదని నేను అంటున్నాను.

మనం చేయవలసినదేమిటి? ఏ పథకం పేరు విన్నా మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకుందాం. మొత్తంలో ఇది ఎంత? అందులో విడుదలై ఖర్చయినది ఎంత? గడప వరకు చేరినది ఎవరికి?

మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు బడ్జెట్ పత్రాల్లోనే ఉంటాయి. శాసనసభలో ప్రవేశపెట్టే పద్దుల పుస్తకాల్లో మైనారిటీ సంక్షేమం పద్దు విడిగా కనిపిస్తుంది. జిల్లా లెక్క కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. మన జిల్లాకు మంజూరు ఎంత, విడుదల ఎంత, మార్చి 31 నాటికి ఖర్చు ఎంత, వచ్చిన దరఖాస్తులు ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, ఏ కారణంతో అని అడగండి. భాష మర్యాదగా ఉండాలి, ప్రశ్న సూటిగా ఉండాలి. 2006 నాటి ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమంలో, కొన్ని పథకాల్లో 15 శాతాన్ని మైనారిటీలకు 'సాధ్యమైన మేరకు' కేటాయించాలని ఉన్నది. గుమాస్తాగా ఆ రెండు మాటల బలం నాకు తెలుసు. ఎవరూ అడగని చోట ఏదీ సాధ్యం కాదు.

మూడో ప్రశ్నకు జవాబు మన వీధుల్లో ఉన్నది. ఆధార్‌లో 'షేక్' పేరుకు ముందు, బ్యాంకు పుస్తకంలో పేరుకు వెనుక, బడి రికార్డులో పొడి అక్షరంగా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆదాయ ధ్రువపత్రం గడువు దాటినా అంతే. ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు యువతీ యువకులు వారానికి ఒక పూట కూర్చొని ఈ కాగితాలు సరిచేయిస్తే, ఎన్నో ఇళ్లలో సాయం గడప దాటి లోపలికి వస్తుంది. పక్కనున్న దళిత సోదరుని కాగితం, బి.సి. సోదరి కాగితం కూడా ఆ బల్ల మీదనే పూర్తి చేయండి. ఎవరి వాటా ఎవరు తింటున్నారన్న అనుమానానికి అంతకు మించిన జవాబు లేదు.

చివరిగా ఒక డిమాండు. ఏ వర్గానికి ఏ పథకంలో ఎంత అందుతున్నదో తెలిపే జాతీయ సమాచార నిధిని ఏర్పరచాలని సచార్ కమిటీ సిఫారసు చేసింది. మనం దానికోసం పట్టుబట్టాలి. లెక్క బయటపడితే నష్టపోయేది ప్రకటనలతో బతికేవారే. ఆ లెక్కలో మన వాటా ఎక్కువని తేలితే తలవంచి అంగీకరిద్దాం, తక్కువని తేలితే తలెత్తి అడుగుదాం.