నొప్పి గోలీలు: పేరు కాదు, మందు చూడండి

(ఆలంపూర్‌లో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైన నన్ను నొప్పి గోలీల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన వయసులో మోకాళ్ల నొప్పులు లేనివారు అరుదు గదా!

ఈ గోలీలు చాలావాటిలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. కాంబిఫ్లామ్‌లో ఐబూప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. ఒకాయన మోకాళ్లకు అవి రోజుకు 3 వేసుకుంటారనుకోండి. జ్వరం వస్తే డోలో 650 గోలీలు 4, జలుబుకు 500 పారాసిటమాల్ కలిసిన గోలీలు 3 వేసుకున్నారు. లెక్క కట్టండి: 975, 2600, 1500. మొత్తం 5075. పెద్దవారికి రోజుకు 4000 దాటరాదు. వృద్ధులకు, బక్కపలచనివారికి, కాలేయ జబ్బున్నవారికి ఇంకా తగ్గించాలి. పేర్లు మూడు, మందు ఒక్కటే. దెబ్బతినేది కాలేయం.

ఇక ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ ఒకే కుటుంబానివి. వీటివల్ల కడుపులో పుండు పడవచ్చు, బి.పి. పెరగవచ్చు, కిడ్నీలకు రక్తం తగ్గవచ్చు. బి.పి.కి టెల్మిసార్టాన్ వంటివి, దానితోపాటు మూత్రం ఎక్కువ పోయే గోలీ వాడేవారికి ప్రమాదం మరీ ఎక్కువ. మన నడిగడ్డ ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇంకా జాగ్రత్త. అలాగని బి.పి. గోలీ మానకండి. నొప్పి గోలీ సంగతే డాక్టరుగారిని అడగండి.

"షాపులో అమ్ముతున్నారు గదా" అని ధీమా పనికిరాదు. ఒకప్పుడు అందరం వాడిన ఏపీసీ గోలీలోని ఫెనాసెటిన్ కిడ్నీలకు చేటని తేలి, దానిని 1983లో మనదేశంలో నిషేధించారు. కేంద్ర ప్రభుత్వం 2018లో 328, 2024లో 156 మిశ్రమ మందులను నిషేధించింది. వాటిలో నొప్పి మందులూ ఉన్నాయి.

నా మనవి ఇంతే. స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాలను మనవడిచేతనైనా చదివించుకోండి. కర్నూలుకు చూపించుకోను పోయినా, ఇక్కడ చూపించుకున్నా, ఇంట్లో వాడే గోలీలన్నీ ఒక సంచిలో వేసి తీసుకుపోండి. పక్కింటివారికి పనిచేసిందని మీరు వేసుకోకండి. మలం నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.