మనం కూర్చునే చోటు
(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ సభ జరిగినా మన భాషల గురించి, ధింసా గురించి, పండుగల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ బతికే చోటు గురించి మాత్రం మాట్లాడుకోం. ఈ రోజు ఆ చోటు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన కొండల్లో పాత ఊరికి వెళ్తే ఇళ్ల మధ్య కొంత ఖాళీ స్థలం, పెద్ద చెట్టు, దాని కింద పరిచిన రాళ్లు కనిపిస్తాయి. మైదానంవాళ్లు రచ్చబండ అంటారు. గదబలు సదరు అంటారు. గొటర్ చేసి చనిపోయిన పెద్దల పేరున నిలిపిన రాళ్లు కూడా అలాంటి చోట ఉంటాయి. అంటే తగవు తీర్చేటప్పుడు తాతముత్తాతలు మన పక్కనే కూర్చుని వింటున్నట్టే. బారికి కబురు చెబితే ఊరు చేరేది అక్కడే. దిసారి పెట్టిన ముహూర్తం ఊరందరికీ తెలిసేది అక్కడే. న్యూజిలాండ్‌లోని మావోరీలు తమ సభాగృహాన్ని పూర్వీకుడి శరీరంగా చూస్తారు. వెన్నుదూలం ఆయన వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. ఎంత దూరపు మనుషులో, ఆలోచన మాత్రం మనదే!

ఇప్పుడు ఊళ్లకు సిమెంటు కమ్యూనిటీ హాళ్లు వస్తున్నాయి. రావాలి కూడా. మన కొండల్లో వానాకాలం చెట్టు కింద సభ సాగదు. అయితే ఊళ్లో చదునుగా, ఖాళీగా కనిపించేది ఆ పాత చోటే. హాలుకైనా, రోడ్డుకైనా ముందుగా కళ్లబడేది అదే. చెట్టు కొట్టి, రాళ్లు పక్కకు నెట్టి కట్టిన హాలు ఊరికి కప్పు ఇస్తుంది, కానీ జ్ఞాపకాన్ని తీసుకుపోతుంది. పైగా హాలులో ఒకవైపు స్టేజీ, ఎదురుగా కుర్చీలు. నడుముల వెనక చేతులు కలిపి గుండ్రంగా తిరిగే ధింసాకు ముందు వరస, వెనక వరస ఉండవు. దానికి కావలసింది నేల.

ఈ విషయంలో చట్టం మన పక్షాన ఉంది. 1996 నాటి పీసా చట్టం నాలుగో సెక్షన్ (డి) క్లాజు ప్రకారం, మన ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభది. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ప్రకారం ప్రభుత్వం కమ్యూనిటీ కేంద్రానికి అటవీ భూమి ఇవ్వవచ్చు. ఆ భూమి ఒక హెక్టారు లోపే ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకూడదు, గ్రామసభ సిఫారసు చేసి ఉండాలి. కాబట్టి పాత చోటును పాడు చేయకుండా కొత్త హాలుకు వేరే స్థలం అడగడానికి దారి ఉంది.

గ్రామసభ మాటకు ఎంత బలం ఉందో పక్కనున్న ఒడిశాలోని నియమగిరి చూపించింది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2013 జూలై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి పరిశీలకుడిగా వచ్చారు. డొంగ్రియా కోందుల చిన్న చిన్న ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి బాక్సైట్ గని వద్దన్నాయి. 12కి 12 ఊళ్లదీ అదే మాట. అంత గట్టి మాట ఒక్క రోజులో పుట్టదు. తరతరాలుగా కలిసి కూర్చునే అలవాటు ఉన్నచోటే పుడుతుంది.

అందుకే మిమ్మల్ని మూడు పనులు కోరుతున్నాం. మొదటిది, మీ ఊరి సభాస్థలం కొలతలు, చెట్టు పేరు, రాళ్ల లెక్క, వాటి వెనక కథ పెద్దలను అడిగి మీ భాషలోనే రాయండి. వాళ్లు వద్దన్న విషయం ఫోన్‌లోకి ఎక్కించవద్దు. రెండోది, ఆ స్థలం ఊరి ఉమ్మడి వారసత్వమని గ్రామసభలో తీర్మానం రాయించి, నకలు దాచండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. అక్కడ కూర్చోండి. గ్రామసభ అంటే రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోవడం కాదు. పెద్దల పక్కన కూర్చుని వినాలి, మీకు తోచింది చెప్పాలి. ఆడపిల్లలు కూడా చెప్పాలి.

ఎవరూ కూర్చోని రాయి ఉత్త రాయే. మనం కూర్చుంటేనే అది సభ అవుతుంది.

జై ఆదివాసీ!