తలలో దాగిన తేనెపట్టు

బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర రోజూ ఎన్ని వేల బళ్లు తిరుగుతాయో మీకు తెలుసు. ఆ బళ్ల మీద వెళ్లే తలల గురించే ఈవేళ నాలుగు మాటలు.

మన పుర్రె ఒకే ముద్ద ఎముక కాదు. పైన ఒక గట్టి పొర. లోపల ఇంకో గట్టి పొర. రెండింటి నడుమ గుల్ల ఎముక. దాని పేరు డిప్లోయి.

చూడటానికి తేనెపట్టులా ఉంటుంది. ఆ గదుల్లో ఎర్ర మజ్జ ఉంటుంది. రక్తకణాలు అక్కడ కూడా తయారవుతాయి. మన డెల్టాలో పంటకాలువల్లా, సన్నని సిరలు దానిగుండా పారతాయి.

గుల్ల కాబట్టి తల బరువు తగ్గింది. రెండు గట్టి పొరల మధ్య ఉంది కాబట్టి బలం తగ్గలేదు.

కానీ అప్పుడే పుట్టిన బిడ్డకు ఈ గుల్ల పొర ఉండదు. సుమారు 4 ఏళ్ల వయసుకు ఏర్పడటం మొదలవుతుంది. పెద్దవాళ్లకైనా కణతల దగ్గర ఎముక పలచనే.

అందుకే పలచని చోట మనమే ఇంకో పొర వేసుకోవాలి. అదే హెల్మెట్. నడిపేవారికీ, వెనక కూర్చున్నవారికీ, పిల్లలకూ కావాలి. పట్టీ బిగించాలి. గుర్తుంచుకోండి: లోపలి పొరలను ప్రకృతి ఇచ్చింది. పై పొర మన చేతిలో ఉంది.