ఎస్టిమేటులో మరిచిన పద్దు



నేను వంతెనలు కట్టే ఇంజనీరును. మా అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ. మునివేళ్ల మీదే నడిచేవాడు. ఏడో ఏట మడమ వెనుక స్నాయువు పొడిగించే ఆపరేషన్ చేయించాం. ఎస్టిమేటు నేనే వేశాను, ఆసుపత్రి బిల్లు వరకే. ఆపరేషన్ కాలిని సరిచేస్తుంది గానీ మెదడులోని దెబ్బను మాన్పదు. తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ, పాదం పెరిగినప్పుడల్లా కొత్త స్ప్లింటు. వంతెనకైతే మెయింటెనెన్స్ పద్దు రాసేవాణ్ణి, కొడుక్కి రాయలేదు! డబ్బు చాలక ఫిజియోథెరపీ మధ్యలో మానేశాం. మడమ మళ్లీ లేచింది. రెండోసారి కోత తప్పలేదు.

నేషనల్ ట్రస్టు ‘నిరామయ’ బీమా లక్ష రూపాయల దాకా ఉంది, థెరపీకీ అందులో కొంత ఇస్తారు. అప్పుడు నాకెవరూ చెప్పలేదు. మీకు తెలిసిన అలాంటి పిల్లలుంటే కాగితాలు నేను రాసిపెడతాను. భోజనాల దగ్గర కలవండి.