పెద్దకెమెరాయా, చిన్నకెమెరాయా?

గడచిన మాఘమాసమున నా శిష్యురాలొకతె మాయింటికి వచ్చినది. ఎనిమిదవ తరగతిలో నాయొద్ద ఛందస్సు నేర్చిన పిల్ల. ఇప్పుడు కళాశాలలో చరిత్ర బోధించుచున్నది. "మాస్టారూ, పల్లెలలో మిగిలిన తాళపత్రములకు ఫొటోలు తీయవలెనని యున్నది. పెద్ద డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొనమందురా, జేబులో ఇమిడెడి చిన్న డిజిటల్ కెమెరా చాలునందురా?" అని యడిగినది. సంధిలోనో సమాసములోనో సందేహమైనచో తత్‌క్షణమే తీర్చియుందును. దీనికి మాత్రము "ముందు కాఫీ త్రాగుమమ్మా, చెప్పెదను" అని కాలము గడపితిని. ఏలయనగా ఆ ప్రశ్నకు నేను రెండు మారులు డబ్బిచ్చి, రెండు మారులును తప్పు సమాధానము కొనినవాడను.

మన శాస్త్రములలో గ్రంథారంభమున నాలుగు సంగతులు విచారింతురు. అధికారి యెవడు, విషయమేది, సంబంధమేమి, ప్రయోజనమేది అని. వీనికి అనుబంధచతుష్టయమని పేరు. చిన్ననాడే దీనిని వల్లించినవాడను, కెమెరా కొనబోయిననాడు అంగడివానిని ఒక్కటే యడిగితిని: "దీనిలో మెగాపిక్సెళ్లెన్ని?" అతడు "12" అనెను. నేను సంతోషించితిని. ప్రయోజనమును అతడడుగలేదు, నేను చెప్పలేదు.

అది 2011వ సంవత్సరము. జీతపు బకాయిలు చేతికి వచ్చియుండెను. మా గురువుగారు గోదావరి గట్టుననున్న యొక పల్లెలో కాపురముండిరి. అప్పటికే తొంబదియేండ్లకు చేరువైనవారు. వారింట మూడు తాటియాకుల కట్టలుండెను. ఒకదానిలో వైద్యయోగములు, ఒకదానిలో ముహూర్తవిషయములు. మూడవది వారి ముత్తాతగారు గ్రామదేవతపై చెప్పిన శతకము. 18 ఆకులు, 108 పద్యములు. ఎన్నడును అచ్చుపడలేదు; రెండవ ప్రతి లేదు. ఒక మధ్యాహ్నము వారి నడిమియింట కూర్చుండి మూడు కట్టలకును చిత్రములు తీసితిని. గది చీకటి గనుక కెమెరా తనంతట తానే ఫ్లాషు వెలిగించుకొనుచుండెను. వెనుకనున్న చిన్న తెరమీద ఆకులు బంగారువలె మెరయుచుండగా నేను మురిసిపోయితిని.

ఇంటికి వచ్చి కంప్యూటరుమీద పెద్దవి చేసి చూడగా ప్రతి యాకు నడుమను తెల్లని మంట. అక్షరములు లేవు.

ఇది ఎట్లు జరిగినదో చెప్పవలెను. తాటియాకుమీద వ్రాత కాగితముమీద వ్రాతవంటిది కాదు. గంటముతో గీసిన గాటు అది. గీసిన పిమ్మట నూనెతో కలిపిన మసి పూసి తుడిచినచో గాట్లలో మసి నిలిచి అక్షరము నల్లగా కనబడును. తరములు గడచిన కొలది ఆ మసి రాలిపోవును. గాటు మాత్రము మిగులును. అట్టి గాటు కనబడవలెనన్న వెలుతురు ప్రక్కనుండి ఏటవాలుగా పడవలెను. అప్పుడు గాటులో నీడ నిలుచును, ఆ నీడయే అక్షరము. ఎదుటినుండి పడిన ఫ్లాషు ఆ నీడను మ్రింగివేయును. పైగా నూనె పట్టిన యాకు అద్దమువలె మెరసి ఆ వెలుతురును తిరిగి కెమెరా కంటిలోనికే కొట్టును. మా తాతగారు సాయంకాలము ఆముదపు దీపము ప్రక్కన పెట్టుకొని ఆకును కొంచెము వంచి చదువుట నేను చిన్ననాడు చూచినదే. చూచియు నాకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నమే మరియొకటి జరిగినది. పని ముగించి అరుగుమీదికి రాగా గురువుగారు, నేను పదునారవ యేట అల్లిన ఉత్పలమాలలో యతి తప్పిన సంగతి ఇరుగుపొరుగువారికి చెప్పుచు పండ్లులేని నోటితో పకపక నవ్వుచుండిరి. జేబులోని కెమెరా తీసి నొక్కితిని. వారికి తెలియనే తెలియదు. ఆ చిత్రము ఇప్పటికిని నా బల్లమీద నున్నది.

మా యల్లుడు చదువుకొన్నవాడు. నా దుఃఖము విని, "మామయ్యగారూ, ఆ చిన్నదానితో ఇట్టి పనులు కావు, డి.ఎస్.ఎల్.ఆర్. కొనుడు" అనెను. 2014లో కొంటిని, దగ్గరి వస్తువులను తీయుటకు వేరొక లెన్సు, మూడుకాళ్ల స్టాండు, సంచి. అన్నియు కలిసి నా రెండు నెలల జీతము దాటినవి. ఈ జాతి కెమెరాలో లెన్సు వెనుక ఏటవాలుగా నొక అద్దముండును. వెలుతురు దానిపై పడి పైకెగసి, పట్టకముగుండ మన కంటికి చేరును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును, తెర తెరచుకొనును, వెలుతురు పోయి సెన్సరుపై పడును. ఆ సెన్సరుననే అసలు భేదమున్నది. నా చిన్నకెమెరా సెన్సరు ఇంచుమించు 6 మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర వెడల్పు. పెద్దదాని సెన్సరు 23న్నర పొడవు, 15న్నర వెడల్పు. వైశాల్యమున దాదాపు 13 రెట్లు. వానకు చెంబు పెట్టుటకును గంగాళము పెట్టుటకును గల భేదమే ఇది. మసకవెలుతురులో చిన్నదాని చిత్రము ఇసుక చల్లినట్లగును. ఆ యిసుకను తుడుచు ప్రయత్నమున కెమెరా సన్నని గీతలను గూడ తుడిచివేయును.

శిక్షణ ముగించుకొని, సెలవులు దొరికించుకొని, నేను ఆ సంచితో గురువుగారింటికి పోవుసరికి 2015వ సంవత్సరపు దసరా వచ్చినది. రెండు కట్టలే తెచ్చి ముందు పెట్టిరి. మూడవదేదని యడిగితిని. ఆ యింటి కోడలు చెప్పినది: "అది పురుగుపట్టి పొడిపొడి యగుచున్నదండీ. మొన్న జూలైలో పుష్కరములు వచ్చినవి గదా, పెద్దల ఆచారము చొప్పున గోదావరిలో కలిపితిమి." ప్రక్కనే పడుకుర్చీలోనున్న గురువుగారు, "దిగులెందుకురా, నీయొద్ద ఫొటోలున్నవి గదా" అనిరి.

నేను మారు పలుకలేదు. నాలుగేండ్లుగా ఆ చిత్రములు చెడినవని వారికి చెప్పియుండలేదు. సిగ్గుచేత చెప్పలేదు. చెప్పియుండినచో ఆ కట్టను ఉంచియుందురేమో. మరుసటి యేట వారు పరమపదించిరి.

ఆ దసరాకు మిగిలిన రెండు కట్టలను రెండు దినములు తీసితిని. ప్రతి యక్షరమును కన్నులకద్దుకొనునట్లు వచ్చినది. పోవునప్పుడు గురువుగారి చిత్రము కూడ తీయబోతిని. అంత పెద్ద లెన్సు తమవైపు తిరుగుట చూచి వారు ఉత్తరీయము సవరించుకొని, నోరు బిగించి, నిటారుగా కూర్చుండిరి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుగారి ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళుగారి పటములలో జమీందారులు కూర్చుండునట్లే. ఆ చిత్రము చక్కగనే యున్నది. అందులోనివారు మాత్రము మా గురువుగారు కారు.

ఇట్లు నేను చిన్నదానిని తిట్టుచు, పెద్దదానిని మోయుచు కొన్నియేండ్లు గడపితిని. ఉద్యోగవిరమణానంతరము ఒకనాడు పెట్టె సర్దుచుండగా పాత చిన్నకెమెరా చేతికి తగిలినది. ఏదో బుద్ధిపుట్టి ఫ్లాషు ఆర్పివేసి, దానిని స్టాండుమీద నిలిపి, నాయొద్దనున్న యొక పాత తాటియాకును బల్లమీద పరచి, చదువుకొను దీపమును ప్రక్కకు వంచితిని. చేయి తగిలి కదలకుండుటకు రెండు సెకండ్ల గడువు పెట్టి నొక్కితిని.

శ్రోతలారా, అక్షరములు వచ్చినవి. సుడులు, కొమ్ములు, వట్రసుడులతో సహా వచ్చినవి.

అప్పుడు కాగితము తీసి లెక్క వేసితిని. ఆకు పొడవు 16 అంగుళములు. చిన్నదాని చిత్రము అడ్డముగా 4000 చుక్కలు, అంగుళమునకు 250. పెద్దదానిది 6000, అంగుళమునకు 375. ఒకటిన్నర రెట్లే గదా! ఆకును రెండు ముక్కలుగా తీసినచో చిన్నదే పెద్దదానిని మించును. ఇంకొక సంగతి. ఎండిన యాకు చదునుగా నుండదు, వంపుతిరుగును. చిన్నసెన్సరు కెమెరాలో వంపు పైభాగమును క్రిందిభాగమును ఒక్కసారిగనే స్ఫుటముగా వచ్చును. పెద్దదానిలో అట్లు రావలెనన్న లెన్సు రంధ్రమును బాగుగా ముడువవలెను. ముడిచినచో వెలుతురు చాలక రెప్పపాటు పని రెండు సెకండ్లగును. ఆ సమయమున అద్దము లేచిన అదురుకే అక్షరము చెదరును గనుక అద్దమును ముందుగా లేపియుంచవలెను. ఇంత తంతు దానికున్నది. ఆడలేక మద్దెల ఓడన్నవాడు నాయందే యుండెను.

అట్లని పెద్దదానిని నిందించుట న్యాయము కాదు. అది కూర్చిన చిత్రమును వండని బియ్యమువలె అట్లే దాచియుంచును. ఇంటికి వచ్చి వలసినట్లు వండుకొని నీడలలోని యక్షరములను పైకి తేవచ్చును. నా చిన్నదానిలో కెమెరా వండిపెట్టిన యన్నమే తినవలెను. దినమునకు రెండువందల యాకులు తీయవలసినవానికి పెద్దది ఎద్దువంటిది, అలయదు. పెండ్లిండ్లలో, ఆటస్థలములలో, అడవిలో పక్షుల వెంట తిరుగువారికి దానితోనే పని. ఇప్పుడు ఆ జాతియు మారుచున్నది. 2018లో క్యానన్, నికాన్ సంస్థలు రెండును అద్దము లేని పెద్దకెమెరాల నూతన వరుసలను ఆరంభించినవి. నాటినుండి వాని శ్రద్ధ అటే మరలినది. అందుచేత అద్దమున్నవి సెకండుహ్యాండు అంగళ్లలో చౌకగా దొరకుచున్నవి. కదలని తాటియాకుకు అవి చాలును. చిన్నవాని చోటును చాలవరకు సెల్‌ఫోను ఆక్రమించినది. కాని ఫోను పెక్కు చిత్రములను కలిపి, తోచినట్లు నునుపుచేసి యిచ్చును. ముఖములకు ఆ నునుపు శోభయే. గాటులకు నేను దానిని నమ్మను.

ఆ శతకము సంగతి మీరడుగుదురు. చెడిన చిత్రములను కంప్యూటరుమీద చీకటిచేసి, వెలుగుచేసి, మూడేండ్లు కూర్చుంటిని. ఆకు నడుమనే మంట గనుక ప్రతి పంక్తియు నడుమ తెగినది. యతిప్రాసలు కొంత ఆదుకొన్నవి. ఉత్పలమాలకు పదియవ యక్షరమున, చంపకమాలకు పదునొకండవ యక్షరమున యతి నిలువవలెను గదా. రెండవ యక్షరము ప్రాస. వానిని పట్టుకొని పోయినచో పోయిన యక్షరమేదో కొన్నిచోట్ల ఊహకందును. 61 పద్యములు పూర్తిగా తేలినవి. మిగిలినవానిలో నేను పూరించిన యక్షరములను కుండలీకరణములలో నుంచితిని. అవి నావి, ఆ మహానుభావునివి కావు. చదువువారికది తెలియవలెను.

శిష్యురాలికి ఇదంతయు చెప్పి, "అమ్మా, ఇప్పుడేమియు కొనకుము. నా చిన్నదానిని, దీపమును, స్టాండును తీసికొనిపోయి ఒక నెల పని చేయుము. అది చేయలేని పనులను కాగితముపై వ్రాసికొని రమ్ము" అంటిని. నెల దాటిన పిమ్మట వచ్చినది. కాగితముమీద రెండే పంక్తులు: "చీకటి యిండ్లలో గీతలు తేలుట లేదు. దినమునకు 40 ఆకులు దాటుట లేదు." ఆ రెండు పంక్తులును చూచి, సెకండుహ్యాండులో పెద్దకెమెరా కొనుమని చెప్పితిని. కొనినది.

చిన్నదానిని మాత్రము తిరిగి యీయలేదు. "దీనిని నాయొద్దనే యుంచుకొనవచ్చునా, మాస్టారూ? ఆకులున్న యింటి మామ్మగారు పెద్దకెమెరా చూచిన నోరు మెదపదు" అనినది. ఉంచుకొమ్మంటిని. వచ్చు శనివారము ఆ మామ్మగారింటికి నన్నును రమ్మన్నది. పెద్దకెమెరా ఆమె పట్టుకొనునట. దీపము ప్రక్కనుండి నేను పట్టుకొనవలెనట.